సి.సి. నంబరా, పి.ఆర్.సి. నంబరా? అట్రాసిటీ కేసు ఏ జడ్జి ముందుకు వెళ్తుంది

2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపారు. మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించి, మునగకుండా మిగిలిన భూమి దగ్గర మొదలైన గొడవ అది. చుండూరులో పెట్టినట్టే ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని దళిత సంఘాలు అప్పట్లో గట్టిగా అడిగాయి. హత్య కేసు కాబట్టి అది ఎలాగూ సెషన్స్ కోర్టుకే వెళ్తుంది. మన ఊళ్లలో ఎక్కువగా జరిగేవి తిట్లు, దెబ్బలు, పొలంలో అడుగు పెట్టనివ్వకపోవడం. ఈ కేసులే కింద చిక్కుకుపోతాయి.

జూనియర్ సివిల్ జడ్జే సాధారణంగా మొదటి తరగతి మేజిస్ట్రేటు కూడా. ఆయన వేయగలిగిన జైలు శిక్ష మూడేళ్లకు మించదు. అట్రాసిటీ చట్టం కింద విచారణ జరపాల్సింది సెషన్స్ స్థాయి ప్రత్యేక కోర్టు. సెక్షన్ 3(1) నేరాలకు అక్కడ ఐదేళ్ల దాకా శిక్ష పడుతుంది.

ఛార్జిషీటు మేజిస్ట్రేటు కోర్టుకు వస్తే ముందుగా చూడాల్సింది నంబరు. సి.సి. నంబరు పడిందంటే ఆ కేసును మేజిస్ట్రేటే విచారిస్తారు. పి.ఆర్.సి. నంబరు పడితే పైకోర్టుకు కమిట్ అవుతుంది, అక్కడ ఎస్.సి. నంబరు వస్తుంది. (ఈ ఎస్.సి. అంటే సెషన్స్ కేసు. కొత్తగా కోర్టుకు వెళ్లే కార్యకర్తలు ఇక్కడ తికమక పడటం మాకు తెలుసు.) ఎఫ్ఐఆర్‌లో ఉన్న అట్రాసిటీ సెక్షన్లను పోలీసులు ఛార్జిషీటులో తీసేసి దెబ్బల సెక్షన్లు మాత్రమే ఉంచితే సి.సి. నంబరే పడుతుంది. మా దృష్టిలో కేసు సగం ఓడిపోయేది అక్కడే. వెంటనే సర్టిఫైడ్ కాపీ తీసుకుని లాయరు చేత అభ్యంతరం వేయించాలి. విచారణ మొదలైపోయినా దారి మూసుకుపోదు. పాత సిఆర్‌పిసి 323, ఇప్పటి బిఎన్ఎస్ఎస్ 362 సెక్షన్ ప్రకారం, ఇది సెషన్స్‌లో విచారించాల్సిన కేసు అనిపిస్తే తీర్పుపై సంతకం చేసే లోపు ఎప్పుడైనా మేజిస్ట్రేటు దాన్ని కమిట్ చేయవచ్చు.

ఈ కమిటల్ చుట్టూ ఏళ్ల తరబడి వివాదం నడిచింది. మన రాష్ట్రం నుంచే వెళ్లిన గంగుల అశోక్ కేసులో 2000లో సుప్రీంకోర్టు, మేజిస్ట్రేటు కమిట్ చేయనిదే ప్రత్యేక కోర్టు కేసు తీసుకోరాదని చెప్పింది. దాంతో కింది కోర్టు మెట్టు తప్పనిసరైంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ప్రత్యేక కోర్టు నేరుగా కేసు తీసుకోవచ్చు. అయినా మేజిస్ట్రేటు ద్వారా వచ్చినంత మాత్రాన కేసు చెల్లకుండా పోదని 2021లో శాంతాబెన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కమిటల్‌కు బిఎన్ఎస్ఎస్ 232 ఇచ్చిన గడువు 90 రోజులు, కారణాలు రాస్తే 180. ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో వీలైనంతవరకు విచారణ ముగించాలని అట్రాసిటీ చట్టం చెబుతుంది. కమిటల్‌కే ఆరు నెలలు పడితే ఆ మాటకు అర్థమేముంది? అందుకే ఛార్జిషీటు నేరుగా ప్రత్యేక కోర్టులో వేయమని అడగండి.

కౌంటర్ కేసు సంగతి మరీ ముఖ్యం. దెబ్బలు తిన్న దళితుల మీదే ఎదుటివాళ్లు ఎదురు ఫిర్యాదు ఇస్తారు. మన కేసు సెషన్స్‌లో, వాళ్లది మేజిస్ట్రేటు దగ్గర నడిస్తే ఒకే ఘటనపై రెండు పొంతన లేని తీర్పులు రావచ్చు. రెండింటినీ ఒకే జడ్జి, ఒకదాని వెంట ఒకటి విని తీర్పు చెప్పాలని నాథీలాల్ (1990), సుధీర్ (2001) కేసుల్లో సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న సెక్షన్ల కౌంటర్ కేసును కూడా ఇందుకోసం పైకి కమిట్ చేయవచ్చు. ఒక కేసులోని సాక్ష్యాన్ని రెండో కేసులో వాడకూడదు. రాజీ ఒత్తిడికి కౌంటర్ కేసే పనిముట్టు కాబట్టి ఈ పిటిషన్‌ను ఆలస్యం చేయొద్దు.

బెయిలు, డిశ్చార్జి దశల్లో బాధితుల మాట వినాలని 15ఎ(5) చెబుతుంది. వాయిదాల సమాచారం ముందుగా ఇవ్వాలని 15ఎ(3) చెబుతుంది. రెండూ రాతపూర్వకంగా అడగాలి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక వంగర విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. రెవెన్యూ జిల్లా మారినంత మాత్రాన సెషన్స్ డివిజన్ దానంతటదే మారదు. దానికి హైకోర్టును సంప్రదించి ప్రభుత్వం విడిగా ఉత్తర్వు ఇవ్వాలి. కాబట్టి పరిహారం, విజిలెన్స్ కమిటీ పనులకు కొత్త జిల్లా కలెక్టరు దగ్గరికి వెళ్లే కుటుంబం, కేసు ఏ సెషన్స్ కోర్టు పరిధిలో ఉందో విడిగా కనుక్కోవాలి.