లయ తప్పిన గుండె – నాలుగు వర్గాల మందులు

నాడి గతి తప్పుట పూర్వవైద్యులకు వేళ్ల కొసలకే తెలిసేది. దానిని సరిదిద్దు ఔషధం మాత్రం చిరకాలం దొరకలేదు.

1785లో బర్మింగ్‌హామ్ వైద్యుడు విలియం వితరింగ్ ఫాక్స్‌గ్లవ్ మొక్క ఆకుపై ఒక గ్రంథం ప్రకటించాడు. ఒంటికి నీరు పట్టిన రోగులకు ఆయన ఆ ఆకును వాడాడు. నేటి డిజాక్సిన్ ఆ జాతి మొక్క నుండి వచ్చినదే.

రెండవ మందుకు దారి చూపినవాడు వైద్యుడు కాడు, రోగి! 1912లో ఒక డచ్చి వర్తకుడు, క్వినిన్ పుచ్చుకుంటే తన నాడి కుదుటపడుతున్నదని వెంకెబాహ్ అనే వైద్యునితో చెప్పాడు. వైద్యుడు నమ్మలేదు. మరునాడు ఆ వర్తకుడు క్రమమైన నాడితో తిరిగి వచ్చాడు. 1918లో వాల్టర్ ఫ్రే, సింకోనా బెరడులోనే ఉండే క్వినిడిన్ ఇంకా మేలని నిరూపించాడు.

గుండె ప్రతి స్పందనకూ మూలం విద్యుత్తు. కణపు పొరలోని సూక్ష్మద్వారాల గుండా సోడియం, కాల్షియం లోనికి వస్తాయి; పొటాషియం వెలుపలికి పోతుంది. ఈ ఎరుకతో ఆక్స్‌ఫర్డ్‌లో వాన్ విలియమ్స్ 1970లో మందుల వర్గీకరణకు పునాది వేశాడు. ఫిజీలో పుట్టిన బ్రహ్మ సింగ్‌తో కలిసి 1972లో కాల్షియం వర్గాన్ని ప్రతిపాదించాడు. నేడు వాడుకలో ఉన్న క్రమం ఇది: మొదటిది సోడియం ద్వారాలను అడ్డుతుంది, రెండవది, బీటా బ్లాకర్లు, అడ్రినలిన్ ఉద్రేకాన్ని అణచుతుంది, మూడవది పొటాషియం నిర్గమనాన్ని ఆలస్యం చేసి కణానికి విశ్రాంతి పెంచుతుంది, నాలుగవది కాల్షియంను నిరోధిస్తుంది. అమియోడరోన్ నాలుగు పనులూ చేస్తుంది. మన వ్యాకరణంలోని 'బహుళం' వంటిదన్నమాట!

అయితే సూత్రం తెలిసినంత మాత్రాన ప్రయోగం సాధువు కాదు. గుండెపోటు వచ్చినవారిలో అదనపు స్పందనలు మృత్యుసూచకాలు కనుక, వాటిని అణచితే ప్రాణం నిలుస్తుందని వైద్యులు తలచారు. 'క్యాస్ట్' అనే పరీక్షలో, ఆ స్పందనలు మందుకు లొంగిన రోగులనే ఎంచి, కొందరికి ఎన్‌కైనైడ్ లేదా ఫ్లెకైనైడ్, కొందరికి మందు లేని మాత్ర ఇచ్చారు. 1989లో ఆ మందులను మధ్యలోనే నిలిపివేశారు. 1991లో వెలువడిన లెక్క ప్రకారం మందు పుచ్చుకున్న 755 మందిలో 63 మంది, వట్టి మాత్ర పుచ్చుకున్న 743 మందిలో 26 మంది మరణించారు. నాడి చక్కబడింది, ప్రాణం పోయింది.

ఫ్లెకైనైడ్ నేటికీ ఉన్నది. గుండె నిర్మాణంలో దోషం లేనివారికి వైద్యులు వాడుతున్నారు. 2018లో ఆక్స్‌ఫర్డ్ వర్గీకరణను విస్తరించి సంస్కరించారు. కాని ఏ వర్గపు మందైనా రోగికి మేలు చేస్తుందో లేదో తేల్చేది పట్టిక కాదు, పరీక్ష. ఆ పరీక్షకు ఒప్పుకున్నవారి ఋణం తరువాత బ్రతికిన రోగులందరిపైనా ఉన్నది.