ఆరు సెంటీమీటర్లు, నాలుగు అడుగులు

1980ల్లో బ్రిటన్ ఆసుపత్రుల క్యాజువాలిటీల్లో రోజూ ఒక నాటకం నడిచేది. కాలు మడతపడి కుంటుకుంటూ వచ్చిన మనిషిని ముందు నర్సు చూసేది. ఏళ్ల తరబడి అలాంటి కాళ్లు చూసిన నర్సు. విరిగిందో, బెణికిందో ఆమెకు చాలావరకు తెలిసిపోయేది. అయినా ఆ మాట తన నోటితో చెప్పకూడదు. రోగి గంటల తరబడి బెంచీ మీద కూర్చుని డాక్టరు కోసం ఆగాలి. తీరా వచ్చేది అక్కడ డ్యూటీలో కొత్తగా చేరిన కుర్ర డాక్టరు. అతను రోగి కాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి నర్సు వంక చూసేవాడు. ఎక్స్‌రే రాస్తే మంచిదేమో అని ఆమె వినయంగా అందించేది. అతను సంతకం పెట్టేవాడు. ఆర్నెల్లకు అతను ఇంకో విభాగానికి వెళ్లిపోతే మళ్లీ మరో కొత్త డాక్టరు, మళ్లీ మొదటికి. నర్సు మాత్రం అక్కడే ఉండేది.

ఆ సంతకం ఆమె చేతికి ఎలా వచ్చిందన్నదే ఈ కథ.

దీని మొదలు అమెరికాలో ఉంది. లొరెట్టా ఫోర్డ్ కొలరాడోలో పబ్లిక్ హెల్త్ నర్సు. డాక్టరు ఎప్పుడో ఒకనాడు వచ్చిపోయే పల్లెల్లో పసిపిల్లల మంచిచెడ్డలు చూసేది నర్సులేనని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరుతో కలిసి ఆమె ఒక ప్రయోగం మొదలుపెట్టింది. డిగ్రీ చదివిన నర్సుకు నాలుగు నెలల గట్టి శిక్షణ ఇస్తారు. పిల్లాడి ఛాతీ వినడం, చెవిలోకి లైటు వేసి చూడటం, ఎదుగుదల సరిగా ఉందో లేదో తేల్చడం, మామూలు జబ్బులకూ చిన్న దెబ్బలకూ తానే వైద్యం చేయడం నేర్పుతారు. ఆపైన ఆమెను క్లినిక్కుకు పంపుతారు. ఆ కొత్త ఉద్యోగానికి ‘నర్స్ ప్రాక్టిషనర్’ అని పేరు పెట్టారు. డాక్టర్లు గొణిగారంటే సరే, వాళ్ల పొలంలోకే కదా కంచె జరుగుతోంది. నర్సింగ్ ప్రొఫెసర్లు కూడా మండిపడటమే విచిత్రం. నర్సును అరకొర డాక్టరుగా మార్చేస్తున్నారని వాళ్ల కోపం. ఫోర్డ్ వెనక్కి తగ్గలేదు. 1972లో రోచెస్టర్ విశ్వవిద్యాలయ నర్సింగ్ స్కూలుకు తొలి డీన్ అయింది. 2025 జనవరిలో 104 ఏళ్ల వయసులో పోయింది. అప్పటికి అమెరికాలో నర్స్ ప్రాక్టిషనర్లు మూడు లక్షలు దాటారు.

ఈ ఆలోచన సముద్రం దాటడానికి చాలాకాలం పట్టింది. 1980ల తొలినాళ్లలో బార్బరా స్టిల్‌వెల్ బర్మింగ్‌హామ్‌లో పేదలుండే పేటల్లో నర్స్ ప్రాక్టిషనర్‌గా పనిచేసి చూపించింది. 1986లో లండన్ పక్కనున్న రామ్‌ఫర్డ్‌లో, ఓల్డ్‌చర్చ్ ఆసుపత్రి తన క్యాజువాలిటీలోనే దీన్ని అధికారికంగా అమలుపరిచింది. తెగిన వేళ్లు, కాలిన చేతులు, కంట్లో నలుసులు, బెణికిన కాళ్లు ఇక నర్సు చూడొచ్చు, కుట్లు వేయొచ్చు, ఇంటికి పంపొచ్చు.

అనుమతి వచ్చింది గానీ అంతకంటే కష్టమైన ప్రశ్న మిగిలింది. ఏళ్లు గడిస్తే చేతివేళ్లకు అబ్బే ఆ ఒడుపును కొన్ని నెలల్లో ఇంకొకరికి ఎలా నేర్పడం? అనుభవజ్ఞులైన డాక్టర్లకే దానికి జవాబు తెలియదు. తెలిస్తే కాలు బెణికిన ప్రతివాడికీ ఎక్స్‌రే రాసేవారు కాదు. నిజానికి దాదాపు అందరికీ రాసేవారు. అలా తీసిన వంద ఎక్స్‌రేలలో ఎముక విరిగినవి పదిహేను కూడా ఉండేవి కావు.

జవాబు కెనడా నుంచి వచ్చింది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే ముచ్చటైన ఘట్టం ఇదే. ఒట్టావాలో ఇయాన్ స్టీల్ అనే ఎమర్జెన్సీ డాక్టరు రెండు ఆసుపత్రులకు చీలమండ దెబ్బతో వచ్చిన 750 మంది పెద్దవాళ్లను తీసుకున్నాడు. ఎక్స్‌రేకు పంపకముందే డాక్టర్లు ఒక్కొక్కరి దగ్గరా 32 సంగతులు రాసుకోవాలి. వాపు ఎంత, ఎక్కడ నొక్కితే నొప్పి, దెబ్బ తగలగానే నడిచాడా, ఇప్పుడు నడుస్తున్నాడా, ఇలా. తర్వాత వాటిని ఎక్స్‌రేతో పోల్చి, ఈ 32లో నిజంగా విరిగిన ఎముకను పట్టించింది ఏదో లెక్క కట్టారు. మూడు మిల్లీమీటర్లకు మించని పెచ్చు ఊడితే దాన్ని విరుపుగా లెక్కించలేదు. వైద్యంలో తేడా రానప్పుడు దాని పేరుతో గొడవెందుకన్నది వాళ్ల ఉద్దేశం.

ఫలితం 1992లో అచ్చయింది. 32లో దాదాపు అన్నీ రాలిపోయాయి. చూడగానే కంగారుపెట్టే వాపుకు కూడా ఆ నియమాల్లో చోటు దక్కలేదు. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చే ఎముక గుబ్బలున్నాయి కదా, వాటి కొసన గానీ, అక్కణ్ణుంచి పైకి ఆరు సెంటీమీటర్ల మేర ఎముక వెనక అంచున గానీ నొక్కితే నొప్పి ఉందా? దెబ్బ తగిలినప్పుడూ, ఇప్పుడూ నాలుగు అడుగులు వేయలేకపోతున్నాడా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే. ఏదీ లేకపోతే అక్కర్లేదు. కుంటినా సరే, నాలుగు అడుగులు పడితే నడిచినట్టే. వయసు 55 దాటితే ఎక్స్‌రే తీయాలని మొదట మరో నియమం ఉండేది, మరుసటి ఏడాది మెరుగుదిద్దినప్పుడు అది కూడా పోయింది. పాదం మధ్యభాగానికి ఇలాంటివే రెండు మూడు గుర్తులు చెప్పారు. ఆ 750 మందిలో చీలమండ దగ్గర లెక్కకొచ్చే విరుపులు 70. ఆ డెబ్బైనీ ఈ నియమాలు పట్టేశాయి.

వెనక అంచే ఎందుకంటే, కాలు లోపలికి మడతపడినప్పుడు ముందు దెబ్బతినేది ముందువైపు ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు. అక్కడ నొక్కితే బెణుకైనా, విరుపైనా రోగి కెవ్వుమంటాడు. వెనకవైపు ఎముకను తడిమినప్పుడే తేడా తెలుస్తుంది. ఏళ్ల అనుభవమున్న నర్సు బొటనవేలు తెలియకుండానే వెతుక్కునే చోటు అదే కావచ్చు. స్టీల్ ఆ చోటును కొలిచి కాగితం మీద పెట్టాడు. కాగితం మీద పెట్టగలిగినదాన్ని నేర్పవచ్చు, పరీక్ష పెట్టి చూడవచ్చు. తర్వాత దేశదేశాల్లో పరీక్షించారు కూడా. అలాంటి 27 అధ్యయనాల్లోని పదిహేను వేల పైచిలుకు రోగుల వివరాలను 2003లో ఒకచోట చేర్చి చూస్తే, ఈ నియమాల కన్నుగప్పిన విరుపులు అత్యల్పం.

ఇక నర్సు డాక్టరుకు సాటివస్తుందా అన్న తగువు. దాన్ని వాదనతో కాక లెక్కతో తేల్చింది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్. అక్కడి నార్తర్న్ జనరల్ ఆసుపత్రిలో చిన్న దెబ్బలతో వచ్చిన 1453 మందిని చీటీ తీసినట్టు రెండుగా విడదీశారు. కొందరిని శిక్షణ పొందిన నర్సులు, మిగతావాళ్లను జూనియర్ డాక్టర్లు చూశారు. వీళ్లు చూశాక ప్రతి రోగినీ అనుభవమున్న మరో డాక్టరు మళ్లీ మొదటినుంచీ పరీక్షించాడు. 1999లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ఆ ఫలితాలు అచ్చువేసింది. చెప్పుకోదగ్గ పొరపాట్లు నర్సుల దగ్గర నూటికి 9.2, డాక్టర్ల దగ్గర 10.7. గణితం దృష్టిలో అది తేడాయే కాదు. రోగి చెప్పింది వివరంగా రాసిపెట్టడంలో మాత్రం నర్సులే మేలనిపించుకున్నారు. ఇద్దరి దగ్గరా నూటికి దాదాపు పది పొరపాట్లు దొర్లాయన్న సంగతి నన్ను ఇంకా ఎక్కువ కలవరపెడుతుంది. చిన్న దెబ్బ అని పేరే గానీ, చూడటం అంత చిన్న పనేమీ కాదన్నమాట.

చట్టం వీటన్నిటి వెనకాల తీరిగ్గా నడిచింది. నర్సులు మందులు రాయవచ్చని 1986లో ఒక సర్కారీ నివేదిక చెబితే, చట్టం 1992లో వచ్చింది. అర్హత పొందిన నర్సులు దాదాపు అన్ని మందులూ రాయగలిగింది 2006లో.

మనవైపు కథ వేరే దారిలో నడిచింది. తాతల కాలంలో ఎల్‌ఎంపీ డాక్టర్లు ఉండేవారు. ఎంబీబీఎస్ కంటే తక్కువ చదువు, పల్లెలకు దగ్గర. దేశ ఆరోగ్య వ్యవస్థపై ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో డాక్టరంటే ఇక ఒకే రకం ఉండాలంది. కమిటీలో ఆరుగురు ఒప్పుకోక తమ అభ్యంతరం రాసిపెట్టారు, అయినా ఎల్‌ఎంపీ చదువు పోయింది. పల్లెలో ఖాళీ అయిన ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో మనకు తెలుసు, ఆర్‌ఎంపీ. ఇక కాళ్లు చేతుల సంగతైతే పుత్తూరు కట్టు ఉండనే ఉంది. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ మొదలుపెట్టాక ఆ ఖాళీని నర్సులతో నింపే ప్రయత్నం జరుగుతోంది. బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లకు ఆర్నెల్ల సర్టిఫికెట్ కోర్సు ఇచ్చి ఉపకేంద్రాల్లో కూర్చోబెడుతున్నారు. ఆంధ్రలో విలేజ్ క్లినిక్ అన్నా, తెలంగాణలో పల్లె దవాఖానా అన్నా, ప్రభుత్వం మారినప్పుడు బోర్డు మీద పేరు మారినా, లోపల పని చాలావరకు ఇదే.

ఒట్టావా నియమాలు అక్కడికి వస్తే వాటి పనే మారిపోతుంది. కెనడాలో ఎక్స్‌రే గది పక్కనే ఉంటుంది, అనవసరంగా వాడకుండా ఆపడమే నియమాల పని. మన ఉపకేంద్రంలో ఎక్స్‌రే లేదు. అక్కడి నర్సు తేల్చాల్సింది ఈ కూలిమనిషి ఒకరోజు పని మానుకుని, తోడుగా ఇంకొకరిని తీసుకుని, బస్సెక్కి ఏరియా ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అన్నది. ఇలాంటి చోట ఆ ఆరు సెంటీమీటర్ల విలువ ఒట్టావాలో కంటే ఎక్కువే.

అయితే ఆమెకు మినహాయింపులు కంఠతా రావాలి. నియమాలు పుట్టింది పద్దెనిమిదేళ్లు దాటినవాళ్ల మీద. తాగి వచ్చినవాడికి అవి చెల్లవు. వేరే పెద్ద దెబ్బతో మెలికలు తిరుగుతున్నవాడికీ చెల్లవు. అన్నిటికంటే ముఖ్యంగా, పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు చెల్లవు. పదిహేనేళ్లుగా షుగర్ ఉన్న పెద్దాయన విరిగిన కాలితోనే నాలుగడుగులు వేసి, ఏం నొప్పి లేదమ్మా, పట్టీ కట్టి పంపించెయ్యి అనగలడు. ఆయన్ని బస్సెక్కించాల్సిందే.