లాకు వెడల్పే పడవ కొలత

రామచంద్రపురం గౌతమీ గోదావరికి ఎడమవైపు, తూర్పు డెల్టా వరిచేల నడుమ ఉంది. ఇక్కడి నుంచి ఎటు బయల్దేరినా ఏదో ఒక కాలువో, ఏటిపాయో దాటాల్సిందే. అందుకే ఈ ప్రాంతంలో బండి చరిత్ర, పడవ చరిత్ర కలిసే నడిచాయి. ఏ వాహనం ఎంత ఉండాలన్నది వెయ్యాల్సిన బరువొక్కటే తేల్చలేదు. దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు, నీరు పలచగా ఉండే చోటు, నేల మెత్తగా ఉండే చోటు కలిసి తేల్చాయి.

అన్నిటికన్నా చిన్నది తాటి దోనె. ముదురు తాటిచెట్టును మొదలు దగ్గర ఉబ్బుగా ఉన్న భాగంతో సహా కొట్టి, నిలువునా చీల్చి, లోపలి మెత్తని గుజ్జును తొలిచేస్తారు. బయట మిగిలే చేవ గట్టిగా ఉంటుంది. తెరిచి ఉన్న కొనను బంకమన్నుతో మూసేస్తే దోనె సిద్ధం. ఒక మనిషి గెడ వేసుకుంటూ మోకాలి లోతు నీళ్లలో కూడా దీన్ని నడపగలడు. బరువు ఎక్కువైతే రెండు దోనెలను పక్కపక్కన కట్టేవారు. కొల్లేరులోనూ ఈ దోనెలదే రాజ్యం. వరద రోజుల్లో దోనె దొరకని లంక ఊళ్లలో అరటి బోదెలు గుచ్చి తెప్పలు కట్టేవారు.

పెద్ద పడవలకు దారి వేసింది ధవళేశ్వరం ఆనకట్ట. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలైన ఈ పని 1852కు పూర్తయింది. కాలువలు సాగునీటికే కాదు, సరుకు రవాణాకూ పనికిరావాలన్నది కాటన్ పట్టుదల. రైళ్లకన్నా నీటిదారులే చవకని ఆయన చివరిదాకా వాదించాడు. తూర్పు డెల్టా కాలువల్లో ధాన్యం, కొబ్బరికాయలు, బెల్లం, కట్టెలు, ఇటుకలు పడవల మీద కాకినాడకూ రాజమండ్రికీ చేరేవి. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవారు. లేకుంటే కళాసీలు తాడు భుజాన వేసుకుని గట్టు వెంట నడుస్తూ పడవను లాగేవారు.

కాలువ మట్టం మారే ప్రతిచోటా లాకులు కట్టారు. పడవ లాకు తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూస్తారు. తూముల ద్వారా నీరు నింపో, వదిలో అవతలి మట్టానికి తెచ్చాక ముందు తలుపులు తెరుస్తారు. తొట్టిలో పట్టని పడవకు కాలువలో బతుకు లేదు. వంతెన కింద దూరడానికి తెరచాప కొయ్యను దించుకునే వీలుండాలి. కాలువ అడుగు తగలకుండా పడవ అడుగు బల్లపరుపుగా ఉండాలి. కాబట్టి సరుకు పెరిగినకొద్దీ పడవను లాకు పట్టేంతవరకే పొడుగు చేయగలిగారు తప్ప, వెడల్పూ లోతూ పెంచే వీలు లేకపోయింది. మరమ్మతుల కోసం వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పడవలు గట్టుకు చేరేవి.

పాత పడవ కొనేవాడు ముందు చూసేది అడుగుపలకలనే. పలకల సందుల్లో నార కూరి గుగ్గిలం, నూనె కలిపి పూసిన పూత ఊడితే నీరు ఊరుతుంది. పూత మళ్లీ వేయించుకోవచ్చు గానీ, కుళ్లిన పలకకు మార్పిడి తప్ప మందు లేదు. ఈ పనికి కోరంగి, తాళ్లరేవు పాత కేంద్రాలు. సముద్రంలో తిరిగే ఓడలను సైతం అక్కడ కట్టేవారు. 1839 నవంబరులో వచ్చిన తుపాను కోరంగి రేవును తుడిచిపెట్టింది. తాళ్లరేవులో మాత్రం పడవల పని నిలిచింది.

ఏటిమీద ఎద్దుబండినీ లారీనీ దాటించడానికి పుట్టింది పంటు. రెండు పడవలను కొంత ఎడంగా నిలిపి, వాటిమీద అడ్డంగా పలకలు పరిస్తే ఒక తేలే వేదిక తయారవుతుంది. ఎద్దులను విప్పి, బండిని చేతులతో తోసి ఎక్కించేవారు. తరవాతి కాలంలో ఇనుప పంటులు, ఇంజను పడవలు వచ్చాయి. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి, నరసాపురం నుంచి సఖినేటిపల్లికి దాటే రేవులు వీటితోనే పేరు పొందాయి. రేవు నడిపే హక్కును పాట పెట్టి ఇచ్చేవారు. పెద్ద పంటు ఒక్క విడతలో ఎక్కువ వాహనాలను దాటిస్తుంది. అయితే వేసవిలో ఇసుక మేటలు వేసినప్పుడు అది ఒడ్డుకు దూరంగానే ఆగిపోతుంది. అప్పుడు చిన్న పడవే అక్కరకొస్తుంది.

పడవల పనిని రైలు, రోడ్డు వరసగా తగ్గించాయి. కాకినాడ నుంచి రామచంద్రపురం మీదుగా కోటిపల్లికి 45 కిలోమీటర్ల రైలు మార్గం 1928లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ అవసరాలకని 1940లో పట్టాలు పీకేశారు. మళ్లీ 2004లోగానీ రైలు తిరగలేదు. ఈలోగా లారీలు సరుకును కాలువల నుంచి లాగేసుకున్నాయి. ముందుగా కనుమరుగైనవి పెద్ద సరుకు పడవలే. 2002లో యానాం, ఎదుర్లంక మధ్య వంతెన తెరిచాక గౌతమిని దాటడానికి మరో రోడ్డు దారి దొరికింది. కోటిపల్లి రేవు అవసరం మాత్రం తీరలేదు. 2022లో కొత్త జిల్లాల ఏర్పాటుతో రామచంద్రపురం కోనసీమ జిల్లాలో చేరింది. జిల్లా కేంద్రమైన అమలాపురం ఏటికి అవతల ఉంది.

నీరూ నేలా కలిసిన చోట నేడు నడిచేవి పొలం యంత్రాలు. దమ్ము చేసే ట్రాక్టరుకు వెనక ఇనుప కేజ్ చక్రాలు బిగిస్తారు. పైన బురద ఎంత ఉన్నా, అడుగున ఉన్న గట్టి పొరే ట్రాక్టరును మోస్తుంది. మరీ బరువైన బండి ఆ పొరను విరగ్గొట్టి దిగబడుతుంది. చిన్న మళ్లకు, ఇరుకు పుంతలకు పవర్ టిల్లరే నయం. కోతల వేళ తుపాను వచ్చి చేను తడిస్తే టైర్ల హార్వెస్టరు దిగదు, చైను మిషనే దిగాలి. పాతది కొనేటప్పుడు గంటల మీటరుకన్నా, బురద నీరు చొరబడే ఇరుసుల సీళ్లు, చైను కింద తిరిగే రోలర్లు, రబ్బరు పట్టీ కోతలు చూడటం మేలు.

బురద దాటి నీటిలోకీ దిగాల్సి వస్తే మరో రకం బండ్లున్నాయి. నీటిలోనూ నేలమీదా నడిచే ఈ చిన్న బండ్లు 1960ల్లో కెనడాలో పుట్టాయి. 1961లో జిగర్, 1967లో ఆర్గో వచ్చాయి. తక్కువ గాలి పట్టే లావు టైర్లే వీటికి నీటిలో తెడ్లు. ఆరు చక్రాలది పొట్టిగా ఉండి ఇరుకులో తేలిగ్గా తిరుగుతుంది. ఎనిమిది చక్రాలది బరువును ఎక్కువ నేలమీద పరిచి మెత్తటి బురదలో నిలుస్తుంది, కానీ బరువూ ధరా ఎక్కువ. నేలమీద మోసేంత బరువును ఏ సైజుదీ నీటిలో మోయలేదు. అందుచేత మనుషుల సంఖ్యను, సరుకును నీటి లెక్కనే వేసుకోవాలి. వాడిన బండిలో అడుగు తొట్టి పగుళ్లు, నీరు వదిలే బిరడాలు, చక్రాలు తిప్పే చైన్లు, ఇరుసుల సీళ్లు మొదట పరీక్షించాలి. కాలువ పడవకు లాకు ఎలాగో, దీనికి పొలం గేటు, పుంత, మోసుకెళ్లే ట్రాలీ అలాగే హద్దులు. వీటిలో అన్నిటికన్నా ఇరుకైనది కొలిచాకే ఆరు చక్రాలా, ఎనిమిదా అన్నది తేల్చుకోవాలి.