అల్జీమర్స్: మెదడు కణానికి పడే చిల్లుల్ని మూసేసే మందు వస్తుందా?

అల్జీమర్స్ అంటే మెదడులో అమైలాయిడ్ బీటా గడ్డలే గుర్తొస్తాయి. అయితే గడ్డ కట్టకముందే ఈ ప్రొటీన్ ముక్కలు కొన్ని కలిసి నాడీకణం పొరకు చిల్లు పెడతాయన్నది ఒక వాదన. ఆ దారిలో కాల్షియం అదుపు లేకుండా చొరబడితే కణం చచ్చిపోతుంది.

1993లో అమెరికాలో నెల్సన్ అరిస్పె బృందం కృత్రిమ పొరపై ఈ చానెళ్లను చూపించింది. ట్రోమెథమైన్, అల్యూమినియం వాటిని అడ్డుకున్నాయి. అల్యూమినియం నాడులకు విషం కాబట్టి మందుగా పనికిరాదనుకోండి! ఆ తర్వాత జింక్ కూడా అడ్డుకుంటుందని తేలింది. 2009లో ఎంఆర్‌ఎస్2481, ఎంఆర్‌ఎస్2485 అనే రసాయనాలు చానెల్‌ను మూసి, ల్యాబ్‌లో పెంచిన కణాలను కాపాడాయి.

ఇప్పుడు వాడుతున్న మెమంటైన్ పని వేరు.. అది గ్లుటమేట్ రిసెప్టార్‌ను అడ్డుకుంటుంది. ఈ చిల్లుల్ని మూసే మందు మాత్రం ఇంకా మెడికల్ షాపుకు రాలేదు. అలాగని పెద్దవాళ్లకు జింక్ మాత్రలు సొంతంగా వేయొద్దు.. డోసు మించితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది.