కోదండం నుంచి కట్టడి దాకా: ప్రత్యేక అవసరాలు గల పిల్లల నిర్బంధం – ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు నేపథ్యం

వ్యాససంగ్రహం:
పిల్లవాణ్ణి కట్టివేయడానికి, గదిలో బంధించడానికి పెద్దలు రెండు కారణాలు చెబుతూ వచ్చారు. ఒకటి శిక్ష, రెండోది రక్షణ. శిక్షగా సాగిన నిర్బంధాన్ని చట్టం నిషేధించింది. రక్షణ పేరిట సాగే నిర్బంధానికి బడిలోనూ ఇంటిలోనూ స్పష్టమైన నియమం లేదు. మేధోవైకల్యం గల పిల్లల విషయంలో ఈ లోటు పర్యవసానాన్ని ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వీధిబడి, కోదండం, నిర్బంధం, మేధోవైకల్యం, భవిత కేంద్రం, తునికాకు.

1. శిక్షగా నిర్బంధం:
వీధిబడి శిక్షలలో కోదండం ఒకటి. దూలానికి కట్టిన తాడుకు పిల్లవాణ్ణి చేతులతో వేలాడదీయడమే కోదండం వేయడం. రాముని వింటి పేరు ఆ విధంగా బడిలో శిక్షకు పేరయింది. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో రెవెన్యూ బోర్డుకు పంపిన విద్యానివేదికలో ఈ పద్ధతి నమోదైంది. ఆయన లెక్కించిన 533 బడులలో 226 తెలుగు బడులు. చదవని పిల్లలను కప్పుకు వేలాడదీయడంతోపాటు, ఎడతెగకుండా కూర్చోబెట్టి లేపడాన్ని కూడా ఆయన పేర్కొన్నారు. ఈ రెండోది మన గుంజిళ్ళే.

ఈ పరంపరను చట్టం అడ్డుకోవడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. తరగతి గదిలోగాని మరుగుదొడ్డిలోగాని పిల్లలను నిర్బంధించడం కూడా శారీరక శిక్షే అని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి.

2. రక్షణగా నిర్బంధం:
రెండో పరంపర చికిత్సాలయాలకు, ఆశ్రయ గృహాలకు చెందినది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు 25 మందికి పైగా అగ్నికి ఆహుతయ్యారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) గొలుసులతో బంధించడాన్ని, ఒంటరి నిర్బంధాన్ని పూర్తిగా నిషేధించింది. తక్షణ ప్రమాదాన్ని నివారించడానికి వేరే మార్గం లేనప్పుడు, మనోవైద్యుని అనుమతితో మాత్రమే శారీరక నిర్బంధాన్ని అంగీకరించింది. కారణాన్ని రాసిపెట్టాలని చెప్పింది. సిబ్బంది కొరతను సాకుగా చూపరాదని కూడా చెప్పింది.

అయితే ఇదే చట్టం మానసిక అనారోగ్య నిర్వచనం నుంచి బుద్ధిమాంద్యాన్ని మినహాయించింది. కనుక మేధోవైకల్యం ఒక్కటే ఉన్న పిల్లవానికి ఈ రక్షణ వర్తించదు. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) క్రూరమైన, అవమానకరమైన ప్రవర్తన నుంచి రక్షణ కల్పించాలంటుంది. కాని ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు కట్టవచ్చునో, ఎక్కడ నమోదు చేయాలో చెప్పదు. ప్రత్యేక పాఠశాలలో కట్టినవారు శిక్షించామని అనరు. తల బాదుకోకుండా, పారిపోకుండా కాపాడామంటారు. ఆ మాట కొన్నిసార్లు నిజం కావచ్చు. నిజమో కాదో తేల్చడానికే నియమం అవసరం.

3. అటవీ సరిహద్దు:
భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఎల్లలు మారినప్పుడల్లా ధ్రువపత్రానికి, పింఛనుకు ఎక్కవలసిన గడపలూ మారాయి. మేధోవైకల్యానికి సంబంధించిన జాతీయ సంస్థ 1984లో సికింద్రాబాదులో నెలకొన్నది. భద్రాచలానికి అది సుమారు 300 కిలోమీటర్ల దూరం. అందుబాటులో ఉన్నవి మండల స్థాయి భవిత కేంద్రాలు. అక్కడికి రాలేని పిల్లలకు ఉపాధ్యాయులే ఇంటికి వెళ్ళి బోధించాలి. 2012 సవరణ తీవ్రవైకల్యం గల పిల్లలకు గృహ ఆధారిత విద్యను హక్కుగా ఇచ్చింది. అంటే ఇల్లే బడి అయింది. 17వ సెక్షన్ మాత్రం బడి గడప దాటి ఇంటిలోకి రాలేదు.

వేసవిలో కోయగూడేలకు తునికాకు ప్రధాన ఆదాయం. తెల్లవారకముందే అడవికి వెళ్ళాలి. కోసిన ఆకును కట్టలు కట్టి కల్లానికి చేర్చాలి. ఇంటిల్లిపాదీ శ్రమిస్తేనే నాలుగు రూపాయలు చేతికి వస్తాయి. నడవడిక అదుపులో లేని పిల్లవానికి ఎవరు కాపలా ఉండాలి? ఉంటే ఒకరి కూలి పోతుంది. పోతే పిల్లవాడు వాగువైపు వెళ్ళవచ్చు. అటువంటి ఇంటిలో తాడు కనిపిస్తే దాన్ని తల్లి క్రూరత్వంగా చదవడం చరిత్రను తప్పుగా చదవడమే. చట్టం ఆసుపత్రిలో సాకుగా అంగీకరించని మనుషుల కొరతే ఇక్కడ అసలు కారణం.

ముగింపు:
కట్టు, కట్టడి, కట్టుబాటు ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. బంధించడమూ నియమించడమూ మన భాషలో ఇరుగుపొరుగు అర్థాలు. పిల్లవాణ్ణి కట్టే తాడుకు మాత్రం ఇంకా కట్టడి ఏర్పడలేదు. ఆసుపత్రికి విధించిన నియమాలను ప్రత్యేక పాఠశాలలకూ విస్తరింపజేయాలి. ఒంటరి గది ఉండరాదు. ప్రతి నిర్బంధమూ నమోదు కావాలి. తల్లిదండ్రులకు ఆనాడే తెలియాలి. గృహ ఆధారిత విద్యలో ఇంటికి వెళ్ళే ఉపాధ్యాయుడు తాడు గురించి నింద లేకుండా అడగగలగాలి. పని కాలంలో పిల్లవాణ్ణి చూసుకునే మనిషిని ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. ఆ మనిషి రాకముందే తాడును నిషేధిస్తే, ఆ నిషేధం భారం కూడా తల్లిమీదే పడుతుంది.