గడికొక అక్షరం

గళ్ళ నుడికట్టు లేని ఆదివారం అనుబంధం మా చిన్నతనంలో చూసిన గుర్తు లేదు. "స్త్రీ"కి ఎన్ని గళ్ళని అమ్మను ఎవరూ అడగలేదు. ఒకటే. డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో మా ఇంటి కంప్యూటరు మాత్రం ఆరంది!

1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అచ్చువేయించిన పజిలుతో ఈ ఆట మొదలైంది. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులే దీన్ని కూర్చారు. ఇంగ్లీషులో గడికొక లెటరు. మనకు గుణింతం, ఒత్తులతో కలిపి గడికొక అక్షరం.

1973లో బెల్ ల్యాబ్స్ యూనిక్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన గ్రెప్ చేరింది. తెలియని అక్షరానికి చుక్క పెడితే చాలు, పదాల పట్టీలోంచి సరిపోయే మాటలన్నీ ఏరి ఇస్తుంది. 2021 అక్టోబరులో జాష్ వార్డిల్ 'వర్డిల్' ఆటను అందరి ముందుకూ తెచ్చాక, దాన్ని ఛేదించడానికి గ్రెప్‌తో చిన్న స్క్రిప్టులు రాసినవారెందరో. నేనూ రాశాను.

"తెలుగులో ఆడలేమా?" అంది మా అమ్మాయి. తెలుగు పదాల పట్టీ ఇచ్చి, మూడు చుక్కలు పెట్టాను. "రాముడు" రాలేదు.

కారణం 1991 నాటి మొదటి యూనికోడులోనే ఉంది. అందులో గుణింతపు గుర్తులకూ, పొల్లుకూ విడివిడి సంకేతాలు. ర, దీర్ఘం, మ, కొమ్ము, డ, కొమ్ము: ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: ఇదీ ఆరే. గ్రెప్ లెక్కలో రాముడూ స్త్రీ సమానమే!

దాచుకోవడానికి ఆ పద్ధతి మంచిదే. లెక్కపెట్టడానికి వేరే సూత్రం కావాలి. తెలుగు సంయుక్తాక్షరాన్ని ముక్కలు చేయకూడదన్న నియమం యూనికోడు ప్రమాణంలోకి 2023 సెప్టెంబరులో, 15.1తో వచ్చింది. నా స్క్రిప్టు ఇప్పుడు ముందుగా పదాన్ని అక్షరాలుగా కూర్చుకుని, ఆ తర్వాతే వెతుకుతుంది.

శాండీఫోర్డ్‌కు ఐరిష్ భాషలో ఉన్న పేరుకు ఇసుక రేవని అర్థం. పాత ఐరిష్ అచ్చులో హల్లు మీద చుక్క పెట్టేవారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో రోమన్ అచ్చుకు మారాక, చుక్క పోయి పక్కన హెచ్ చేరింది. ఈ ఒక్క పేరులోనే అలాంటివి మూడున్నాయి. అచ్చు మారితే అక్షరాల లెక్కే మారిపోయింది.

మన లిపికి ఆ అవస్థ రానక్కర్లేదు. మారవలసింది పది పంక్తుల స్క్రిప్టు. ఈ సభలకు వచ్చిన మన పిల్లల్లో అలాంటివి రాయగలవారు చాలామందే ఉంటారు. తెలుగు పదాలతో పాటు తెలుగు లెక్క కూడా వారికి నేర్పుదాం. మా ఇంట్లో ఇప్పుడు మూడు చుక్కలు పెడితే రాముడు వస్తున్నాడు.