ఆహార విద్య: శ్రీకాకుళం, విజయనగరం ప్రాథమిక పాఠశాలలు

ఏం తినాలి, ఎందుకు తినాలి, తినేది ఏ నేలలో ఎలా పండుతుంది అనే మూడు విషయాలనూ చిన్నపిల్లలకు కలిపి నేర్పడమే ఆహార విద్య. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలూ, 2022 ఏప్రిల్ 4న ఈ రెండింటి నుంచి కొన్ని మండలాలు విడిపోయి ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా ఈ వ్యాసం పరిధిలోకి వస్తాయి. ఇక్కడి బడుల్లో ఆహార విద్యకు కావలసిన ముడిసరుకంతా ఉంది. పరిసరాల విజ్ఞానం పుస్తకంలో పాఠం ఉంది, మధ్యాహ్నం పళ్లెంలో భోజనం ఉంది, ప్రహరీ అవతల పొలం ఉంది. అయితే పాఠం ఉపాధ్యాయుడిది, భోజనం వంట ఏజెన్సీది, పొలం రైతుది అన్నట్టుగా ఎవరి పని వారిదయింది. ఈ మూడింటినీ ఇంటి వంటతో ముడిపెట్టినప్పుడే పిల్లల తిండి మారుతుందని, ఏ ఒక్కటీ విడిగా ఆ పని చేయలేదని ఇప్పటివరకు లభించిన ఆధారాలు సూచిస్తున్నాయి.

బడి భోజనం: ఎదిగిన తీరు

బడి భోజనానికి జాతీయ పథకం 1995 ఆగస్టు 15న మొదలైంది. వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించిన తర్వాత, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి అది అమలైంది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం దానిని హక్కుగా మార్చింది. కేంద్ర ప్రమాణాల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు ఇవ్వాలి. వాటి నుంచి 450 కిలోకేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. రాష్ట్రంలో ఈ పథకం 2020 నుంచి జగనన్న గోరుముద్దగా నడిచింది, 2024లో దానికి డొక్కా సీతమ్మ పేరు వచ్చింది. పేర్లతో పాటు పళ్లెం కూడా మారుతూ వచ్చింది. గుడ్డు, చిక్కీ చేరాయి. 2023 మార్చి 21 నుంచి వారంలో మూడు రోజులు రాగిజావ వచ్చింది. 2025 జనవరిలో ఉత్తరాంధ్రకు, గోదావరి జిల్లాలకు, రాయలసీమకు వారి వారి అభిరుచులను బట్టి వేర్వేరు మెనూలు ఇచ్చారు. అదే ఏడాది జూన్‌లో సన్నబియ్యం వచ్చింది. ఇంత ఖర్చుతో, ఇంత క్రమం తప్పకుండా జరిగే మరో పాఠం బడిలో లేదు. అయినా దాన్ని పాఠంగా కాక పంపిణీగానే చూస్తున్నారు. జావ తాగే పిల్లకు ఆ గింజ ఏ మడిలో పండిందో, తనకు ఎందుకు పోస్తున్నారో చెప్పే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

అవసరం మాత్రం తీవ్రంగానే ఉంది. 2019–20లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలలు నిండిన పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒకటో తరగతి గడప తొక్కేది ఈ పిల్లలే. మరోపక్క అతి ఉప్పు, చక్కెర, కొవ్వు ఉన్న ప్యాకెట్ తినుబండారాలు పల్లెలో బడ్డీ కొట్టు దాకా వచ్చేశాయి. బడి గేటుకు 50 మీటర్ల లోపు వాటిని అమ్మరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. కానీ యాభై ఒకటో మీటరు దగ్గర పిల్లను కాపాడేది నిబంధన కాదు, తనకు తెలిసిన విషయమూ అలవాటూ మాత్రమే.

పంటల క్రమం, బడి క్రమం

ఈ ప్రాంతపు వ్యవసాయం బోధనకు అసాధారణంగా అనువైనది. సముద్రతీరం, వంశధార, నాగావళి ఆయకట్టు, మెట్ట, కొండ అన్నీ కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఆయకట్టు కింద వరి, కోతల తర్వాత మిగిలిన తేమ మీద మినుము, పెసర పండుతాయి. విజయనగరం మెట్టలో చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), నువ్వులు, గోగు, ఇటీవల ఎక్కువగా మొక్కజొన్న వేస్తున్నారు. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస ఉన్నాయి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల మీద సవర, జాతాపు రైతులు పోడులో సామ, కొర్ర, కంది కలిపి పండిస్తారు. వేసవి సెలవుల తర్వాత బడి తెరిచేది జూన్ రెండో వారంలో, అంటే తొలకరి దుక్కుల వేళ. పునాస చోళ్లు దసరా నాటికి చేతికొస్తాయి. సంక్రాంతి సెలవుల నాటికి వరి కళ్లం దాటుతుంది. సంవత్సరాంతపు పరీక్షలకు ముందే మినుము, పెసర ఇల్లు చేరతాయి. విత్తు నుంచి గింజ దాకా రెండు మూడు పంటల పూర్తి చక్రం ఒక్క విద్యాసంవత్సరంలో ఇముడుతుంది కాబట్టి, పాఠాల వరుసను పంటల వరుసకు జతచేయడానికి కొత్తగా సమయం వెతకనక్కర్లేదు.

చెప్పడానికి శాస్త్రమూ చేరువలోనే ఉంది. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అంతే మరపట్టిన బియ్యంలో 10 మిల్లీగ్రాములకు మించదు. ఇనుము అధికంగా ఉండే వేగావతి, కాల్షియంతో పాటు ఇనుము, జింకు ఎక్కువగా ఉండే ఇంద్రావతి అనే రాగి రకాలు రూపుదిద్దుకున్నది విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానంలోనే. గింజల్లోని ఫైటేట్లు ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. పిండిని పులియబెట్టి కాచే అంబలిలోనూ, మొలకెత్తించిన గింజల్లోనూ అవి తగ్గుతాయి. పెద్దలు ఊరికే పులియబెట్టలేదని నాలుగో తరగతి పిల్లకు ఒక గిన్నె పిండి, ఒక రాత్రి సమయంతో చూపించవచ్చు.

స్థానికమైనదంతా మంచిదేనా?

కాదు. ఈ విషయంలో ఉత్తర కోస్తాకు చేదు చరిత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి వ్యాధికి పేరుపడ్డ ప్రాంతం ఉత్తర సర్కారుల తీరమే. కారణం స్థానికమైన అలవాటే. ఉప్పుడు బియ్యం కాక పచ్చి బియ్యాన్ని బాగా మరపట్టించి తినడం వల్ల తవుడుతో పాటు ఈ జబ్బును అడ్డుకునే థయమిన్ అనే విటమిన్ పోయేది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో వడ్లను నానబెట్టి ఉడికించేటప్పుడే ఆ విటమిన్ గింజలోకి ఇంకేది కాబట్టి అక్కడ ఈ జబ్బు అరుదు. కూనూరు ప్రయోగశాలలో మెక్‌కారిసన్, నారిస్ 1924లో ప్రచురించిన పరిశోధన ఈ సంబంధాన్నే పరిశీలించింది. ఆ ప్రయోగశాలే తర్వాత హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ అయింది. కాబట్టి మన ఊరి తిండి అన్న ఒక్క కారణంతో దేన్నీ మెచ్చుకోనక్కర్లేదు. ఊరి తిండిని పాఠానికి ఆధారం చేసుకోవాలి, తీర్పును మాత్రం శాస్త్రానికి వదలాలి. పళ్లెంలో అన్నం కొండలా, పప్పూ ఆకుకూరా అంచున కాస్తంతగా ఉండడం కూడా స్థానికమైన అలవాటే. సన్నబియ్యంతో అన్నం రుచి పెరిగిన మాట నిజం. అందుకే అన్నం పక్కన ఏముండాలో నేర్పవలసిన అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది.

బోధన గురించి ఆధారాలు ఏం చెబుతున్నాయి?

పిల్లలకు తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించాలన్న సూత్రానికి ఈ ప్రాంతంలోనే పూర్వరంగం ఉంది. శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఇంటి భాషను బడి గడప బయట విడిచిపెట్టి రమ్మంటే చదువు ఒంటబట్టదన్నది ఆయన కృషికి పునాది. ఇంటి తిండికీ ఇదే వర్తిస్తుంది. కంది కొత్తల పండుగ చేసుకునే గూడెంలోని పిల్లకు ప్రొటీన్ అంటే ఏమిటో కందితో చెప్పాలి, ఆ పిల్ల ఎన్నడూ చూడని పళ్ల బొమ్మలతో కాదు.

తోట వేస్తే చాలు, పిల్లలు కూరలు తింటారన్న నమ్మకం విస్తృతంగా ఉంది. బడుల్లో పోషకాహార తోటలకు కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. మధ్యాహ్న భోజన పథకానికి 2021లో వచ్చిన కొత్త రూపమైన పీఎం పోషణ్ వాటిని ప్రోత్సహించింది. కానీ నేపాల్‌లో జరిగిన అధ్యయనాలు జాగ్రత్త చెబుతున్నాయి. బడి తోట ఒక్కటే ఉన్నచోట కూరగాయల గురించి పిల్లలకు తెలిసింది పెరిగిందే గాని తినడం పెరగలేదు. దానికి ఇంటి పెరటి తోటను, తల్లిదండ్రుల శిక్షణను జోడించినప్పుడే తినడం పెరిగింది. వడ్డన విషయంలో పరిశోధన సంస్థ ఇక్రిశాట్, బడి భోజనం వండే స్వచ్ఛంద సంస్థ అక్షయపాత్ర కలిసి బెంగళూరు పరిసరాల్లో సుమారు 1,500 మంది విద్యార్థులకు మూడు నెలలపాటు చిరుధాన్యాల భోజనం పెట్టి 2019లో ఫలితాలు ప్రచురించాయి. పిల్లల ఎదుగుదల మెరుగుపడింది. రుచిగా, రకరకాలుగా వండితే పిల్లలు ఇష్టంగా తింటారనీ తేలింది. అయితే ఆ పిల్లలు కౌమారంలో ఉన్నవారు, గడువు కూడా చిన్నది. అందువల్ల దాన్ని ప్రాథమిక తరగతులకు యథాతథంగా అన్వయించలేం. జావ ఒలకబోసే పిల్లలున్నచోట తప్పు చోళ్లదని తేల్చేముందు వంటను, రకాన్ని చూడాలన్న మేరకు మాత్రం దాన్ని నమ్మవచ్చు.

అభ్యంతరాలు

మొదటిది, బలమైనది తల్లిదండ్రుల నుంచి వస్తుంది. విశాఖకో హైదరాబాదుకో వలసపోయి కూలి చేస్తూ బిడ్డను చదివించేది వాడు మళ్లీ మట్టిలో దిగకూడదనే కదా, బడిలోనూ పారే పట్టిస్తారా అని వారు అడుగుతారు. 1937 నాటి వార్ధా విద్యా పథకం మీద కూడా చేతిపని ఆదాయంతో బడి నడపాలన్న ఆలోచన పిల్లల చాకిరీగా మారుతుందన్న విమర్శ వచ్చింది. జవాబు హద్దు గీయడంలో ఉంది. తోట పని వయసుకు తగినంత, పాఠానికి అవసరమైనంత మాత్రమే ఉండాలి. ఆ పని ఏ కులం వారికో, ఏ ఒక్క పిల్లకో శిక్షగా మిగలకూడదు. వ్యవసాయం గురించి తెలుసుకోవడం రైతు కావడానికే కాదు. రేపు ఆఫీసులో పనిచేసేవాడూ రోజుకు మూడుపూటలా తింటాడు.

రెండోది పేదరికం గురించి. కొనే శక్తి లేని ఇంటికి సమతులాహారం పాఠం ఎగతాళిగా వినిపించదా? బజారు ఆహారాన్ని ఆదర్శంగా చూపిస్తే నిజంగానే అలా వినిపిస్తుంది. మునగాకు, తోటకూర, గోగుకూర, ఉలవలు, బొప్పాయి పాఠంలోకి రావలసింది అందుకే. అయినా పాఠం ఆదాయాన్ని పెంచదు. బడిలో గుడ్డు తగ్గించి, దాని బదులు ఉపదేశం పెంచడం ఎవరికీ మేలు చేయదు. మూడోది ఉపాధ్యాయుల భారం, వేసవిలో ఎండిపోయే తోట. ఒక్క టీచరే ఉన్న బడికి కొత్త సబ్జెక్టు మోయలేని భారమే. కానీ ఇప్పటికే ఉన్న పరిసరాల విజ్ఞానం, గణితం పాఠాల్లోనే గింజల తూకం, వానకొలత చేర్చవచ్చు. తోటకు నీరు లేనిచోట ఊరి పొలమే తోట అవుతుంది.

నాలుగోది, జవాబు చెప్పడానికి కష్టమైనది కొనుగోలు గురించి. బియ్యం, గుడ్లు, చిక్కీ, రాగిపిండి పై నుంచి ఏకమొత్తంగా సరఫరా అవుతాయి. నాణ్యత తనిఖీకి అదే సులువని అధికారులు అంటారు, అందులో నిజం ఉంది. కానీ పక్క మడిలో చోళ్లు పండుతుండగా సంచిలో ఎక్కడిదో పిండి వస్తే, స్థానిక వ్యవసాయం గురించి పిల్లకు ఏం చెప్పినా అది పుస్తకం మాటే అవుతుంది. బ్రెజిల్ 2009 చట్టం బడి భోజనానికి కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతాన్ని కుటుంబ రైతుల నుంచి కొనుగోలుకే కేటాయించింది. జపాన్ 2005లో ఆహార విద్యకు ప్రత్యేక చట్టమే చేసింది. ఇక్కడ రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం, ఊరూరా ఉన్న మహిళా సంఘాలు అలాంటి కొనుగోలుకు సిద్ధంగా ఉన్న వ్యవస్థలు. బియ్యం, గుడ్ల జోలికి పోకుండా ఆకుకూరలు, పప్పు, రాగిపిండితో మండల స్థాయిలో మొదలుపెడితే తనిఖీ అసాధ్యం కాదు. ఆ మార్పు వచ్చేదాకా ఉపాధ్యాయులు ఎంత శ్రద్ధగా బోధించినా ఈ జిల్లాల్లో ఆహార విద్య సగం దగ్గరే ఆగుతుంది. ఎందుకంటే పిల్ల పాఠం కంటే ముందు పళ్లేన్నే నమ్ముతుంది.